వారానికో మొనగాడూ, నా మీసమూ

దేశానికి రాజ్యాంగం ఎంత అవసరమో, వీడియో గేముల్లో ట్రెండు వారం వారం మారడం అంత అవసరం! నవ్వకండి. ఏడో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి, తొందరపడి ఏదీ మాట్లాడను.

మా నిడదవోలులో అచ్చిబాబు పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో ఓ గేముంది. మనిషికి మూడేసి రాక్షస జంతువులు. వాటిని మేపి, పెంచి, ఎదుటివాడి జంతువుల మీదకి వదలాలి. వేసవి సెలవులకొచ్చిన మా మేనకోడలు దుర్గాశ్రీని అందులో ఓడించినవాడు లేడు. నేను ఊరుకుంటానా?

"నెలాఖరు ఆదివారం నీకూ నాకూ పందెం. ఓడితే మీసం తీసేస్తానే!" అన్నాను.

ఇరవై ఏళ్ల మీసమండీ! పెళ్లిచూపుల్లో మా ఆవిడ ఒప్పుకున్నదే దాన్ని చూసి.

"ఓ ఫొటో తీయించి దాచుకో మావయ్యా, తర్వాత చూసుకోడానికుంటుంది" అంది ఆ పిల్ల.

అందరూ నిప్పులు కక్కే డ్రాగనే మొనగాడంటే, పది రోజులు డ్రాగన్నే పెంచాను. కంపెనీవాళ్లు అప్‌డేట్ అని ఏదో పంపారు. డ్రాగన్ నోట్లో నిప్పు సగమైంది! ఇప్పుడంతా తాబేలేనన్నారు. నా తాబేలు డొప్పలోంచి తల బయటపెట్టేలోపు ట్రెండు గబ్బిలం దగ్గరికెళ్లిపోయింది!

దీన్ని తిడతారేంటండీ? ఎంత సమానత్వం! నిన్నటి మొనగాడు ఇవాళ నాలాంటోడే. ఓడినవాడు సాకు వెతుక్కోనక్కర్లేదు, "ట్రెండు మారిందండి" అంటే సరి. ఏడో తరగతి పరీక్షలకి ఈ సదుపాయం ఉండుంటే నేనీపాటికి కలెక్టర్ని!

సరే, చివరికి కోళ్ల పంచాంగం తీశాను. పందెంలో ఏ రోజు ఏ రంగు కోడి గెలుస్తుందో మా వైపు అందులోనే చూస్తాం. గురువారం డేగ, అంటే ఎర్రకోడి, అని ఉంది. గురువారం పొద్దున్నే మూడు ఎర్ర జంతువుల్ని దింపాను. మూడు నిమిషాల్లో మూడూ పోయాయి!

"బుల్లియ్య గారూ, ఈ గేము కంప్యూటరు అమెరికాలో ఉందండి. అక్కడింకా బుధవారమేనండి!" అన్నాడు అచ్చిబాబు.

ఇక నా అసలు విద్య బయటికి తీశాను. "ఈ వారం కప్పేనంట! రాజమండ్రిలో అందరూ కప్పేనంట!" అని సెంటర్లో పదిమంది చెవుల్లో ఊదాను. నిజానికి ఆ గేములో కప్పంత పనికిమాలిన జంతువు లేదు. నాలుగు రోజుల్లో నిడదవోలంతా కప్పలే! నేను మాత్రం గుట్టుగా డ్రాగన్నే మేపుకున్నాను.

పందెం ఆదివారం వచ్చింది. దుర్గాశ్రీ మూడు కప్పల్ని దింపింది. నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారాను. కప్ప ఒక్కసారి బెకబెకమంది. నా డ్రాగన్ నిద్రపోయింది! కప్ప తీరిగ్గా వెళ్లి దాన్ని తన్నింది. తర్వాత తాబేలూ, గబ్బిలమూ కూడా గురక పెట్టాయి.

"ఇదేంటే?" అన్నాను.

"నలభైమందిమి నాలుగు రోజులు కప్పతోనే ఆడి కనిపెట్టాం మావయ్యా! దాని అరుపుకి తిరుగు లేదు. ట్రెండు పెట్టింది నువ్వే కదా, థాంక్స్! అచ్చిబాబు గారూ, కత్తెరుందాండీ?"

అయినా నా మాట మాటే. ట్రెండులు మారాలి! నిన్న మళ్లీ అప్‌డేట్ వచ్చిందట, కప్ప అరిస్తే ఇక ఎవరూ నిద్రపోరట. చాలా సంతోషం. మా ఆవిడ మాత్రం నాకు కాఫీ ఇస్తూ మొహం పక్కకి తిప్పుకుంటోంది.

కంపెనీవారూ, మీ మొనగాళ్లు వారానికోసారి మారతారు, బాగుంది. మీసం రావడానికి రెండు నెలలు పడుతుందండి! దానికీ ఓ అప్‌డేట్ పంపొచ్చు కదా?