నవ్వని గుమ్మంలో ఆపిల్ పళ్లు

"ఈ వీధి మోరీని పూడ్చింది మీరే! మా సెల్లారులో మోకాలి లోతు నీళ్లు నింపింది మీరే! వేలెడంత చాక్లెట్టుకు జానెడు ప్లాస్టిక్కు చుట్టి, పసివాళ్ల పళ్లు పుచ్చబెట్టి, పైగా పండగంటారా?"

అక్టోబరు ముప్పై ఉదయం ఎనిమిదింటికి అర్డిత్ వాండర్‌ప్లూగ్ తన వాకిట్లో నిలబడి ఈ మాటలు వీధి మొత్తాన్ని అన్నది. విన్నది మాత్రం ఎదురింటి డ్వేన్ కెస్లర్ ఒక్కడే. అతను ఆకులు ఊడుస్తూ దొరికిపోయాడు.

"పొద్దున్నే మొదలెట్టావా? కాఫీ అయినా తాగావా, తల్లీ?"

"తాగాను. సంతకం పెట్టు."

ఆమె చేతిలోని కాగితంలో ఒకటే వాక్యం ఉంది. వచ్చే ఏటి నుంచి ఈ వీధిలో పిల్లలకు కవరు చుట్టిన తాయిలం ఎవరూ పెట్టకూడదు. మిగతా ఇళ్లవాళ్లందరూ ఒకే మాట అన్నారు: డ్వేన్ పెడితే మేమూ పెడతాం. పిరికివాళ్లు ఎప్పుడూ ఇంకొకడి వెనకే నిలబడతారు.

"ఆపిల్ పండు కోసం ఏ పిల్లాడు వస్తాడు అర్డిత్? ఈ రాత్రి ఎనిమిది లోపల ఇరవై మంది పిల్లలు నీ మెట్లెక్కితే నేనే పెన్ను పట్టుకొస్తా. ఎక్కకపోతే ఆ కాగితం పొయ్యిలో వెయ్యాలి. మళ్లీ ఆ ఊసెత్తకూడదు."

"ఎత్తను" అంది అర్డిత్. అన్నాక కాగితం మడిచి గుండెకు హత్తుకుంది. నాలుగేళ్లుగా ఆ కాగితం పట్టుకుని తిరుగుతోంది మరి.

మధ్యాహ్నమంతా మూడు బుట్టల ఆపిల్ పళ్లు కడిగి తుడిచింది. తోటలో కోసినవి. వాటి మీద స్టిక్కరు కూడా లేదు. నిరుడు మోరీలోంచి చేత్తో లాగిన చాక్లెట్టు కవర్లను పెద్ద గాజు సీసాలో కూరి, జనం సిగ్గుపడాలని గుమ్మం పక్కన దీపం కింద పెట్టింది.

"ఎందుకైనా మంచిది, నాలుగు చాక్లెట్లు దాచి ఉంచుదామా?" అన్నాడు మొగుడు వెర్లిన్.

"ఈ ఇంట్లో కవరు కనబడిందంటే నువ్వు కనబడవు."

వెర్లిన్ గరాజు వైపు వెళ్లాడు.

అమెరికాలోని ఈ డిమోయిన్ ఊళ్లో హాలోవీన్ ముందు రోజు సాయంత్రం వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగే పిల్లలు ఊరికే చేయి చాపరు. గుమ్మం ముందు జోకు చెప్పాలి, ఆ తర్వాతే తాయిలం. ఆరు కొట్టగానే అట్టపెట్టెలు తొడుక్కున్న ఒక రోబో మెట్లెక్కాడు.

"ఆవు రోడ్డెందుకు దాటింది?"

"ఎందుకు?"

"రోజూ దాటే కోడికి ఇవాళ సెలవు."

అర్డిత్ నవ్వలేదు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన ముఖం అది. అద్దంలో ఆ ముఖం కనబడితే చాలు, వెనక సీటు దాకా గప్‌చిప్. ఊళ్లో పిల్లలకు ఆమె బస్సమ్మ. ఆమె గంభీరంగా ఒక ఆపిల్ తీసి సంచిలో వేసింది.

రోబో ఆపిల్‌ని చూశాడు, ఆ ముఖాన్ని చూశాడు. మెట్లు దిగి తమ్ముడితో అన్నాడు: "జోకు బాలేదురా. ఆపిల్ వేసింది."

"బాగుంటే ఏమిస్తుంది?"

"తెలీదు. పెద్దదే అయ్యుంటుంది."

వీధి మలుపు చేరేసరికి ఆ 'పెద్దది' మూరెడు చాక్లెట్టు అయింది. బస్సమ్మను నవ్వించినవాడికి మూరెడు చాక్లెట్టు, నవ్వించలేనివాడికి ఆపిల్. అరగంటలో మంత్రగత్తెలు, అస్థిపంజరాలు, ఒక మొక్కజొన్న కంకి ఆమె గుమ్మం ముందు బారులు తీరారు. ఆపిల్ పడ్డవాళ్లు చెట్టు కింద కొత్త జోకు వల్లించుకుని మళ్లీ వరసలో చేరారు. తండ్రులు చెవుల్లో జోకులు ఊదారు. పక్క పేట నుంచి ఒక వ్యాను నిండా పిల్లలు దిగారు.

"నువ్వు మూడోసారి కదూ?" అంది అర్డిత్ రోబోతో.

"అవునండీ. సాధించేదాకా వదలను."

అర్డిత్ కళ్లు చెమర్చాయి. పిల్లలను చెడగొట్టింది పెద్దలే, చేతికి పండు ఇస్తే చాలు అనుకుంది.

ఎదురింట్లో డ్వేన్ చాక్లెట్ల గిన్నె నిండుగా అలాగే ఉంది. ఏడున్నరకు అతను పెన్ను పట్టుకుని రోడ్డు దాటాడు.

"నా జన్మలో చూళ్లేదు. తే ఆ కాగితం." సంతకం పెట్టాడు. అతని వెనకే మిగతా ఇళ్లూ పెట్టేశాయి.

అప్పుడు ఐదేళ్ల టిల్డా వచ్చింది. నెత్తిన ఫైరింజనువాళ్ల టోపీ, చేతిలో నేలకీడుస్తున్న సంచి. నోరు తెరిచింది, జోకు గుర్తు రాలేదు.

"బస్సమ్మా, ఐదు జోకులు చెప్పాను. ఐదు ఆపిళ్లు మోస్తున్నాను. ఇంక నావల్ల కాదు. ఈసారి నువ్వు చెప్పు. బాలేకపోతే ఒకటి నీకేస్తాను."

అర్డిత్ నవ్వింది. గుమ్మం పట్టుకుని, వంగిపోయి, ముప్పై ఏళ్ల బాకీ అంతా నవ్వింది.

వీధంతా కప్పు లేచిపోయేలా కేక.

"నవ్వింది! బస్సమ్మ నవ్వింది! మూరెడు చాక్లెట్టు తియ్యండి!"

"ఏం చాక్లెట్టు?" అంది అర్డిత్.

రోబో ఓపిగ్గా చెప్పాడు. "మంచి జోకుకి ఇచ్చేదండీ. ఆపిల్ చెత్త జోకులకి కదా. నా ఆవు జోకుక్కూడా ఆపిలే వేశారు."

అర్డిత్ మెట్టు మీద కూలబడింది. డ్వేన్ పెన్ను వంక చూసుకున్నాడు. "అంటే నేను సంతకం పెట్టింది శిక్షకా?"

టిల్డా చాపిన చేయి చాపినట్టే ఉంది. అందరూ చూస్తున్నారు. గరాజు తలుపు కిర్రుమంది. వెర్లిన్ తల వంచుకుని వచ్చాడు, రంపపు పొట్టు అంటిన మూరెడు చాక్లెట్టుతో.

"ఎప్పట్నించి దాచావు?"

"ఇది నిన్న కొన్నదే" అన్నాడు వెర్లిన్. "మొన్నటిది అయిపోయింది."

టిల్డా చాక్లెట్టు విప్పి, కవరును నీటుగా మడిచి గాజు సీసాలో దోపింది. "ఇంత పెద్ద కవరు నీ దగ్గర లేదుగా. దాచుకో."

డ్వేన్ కాగితం లాక్కున్నాడు. చించేస్తాడనుకుని అర్డిత్ కళ్లు మూసుకుంది. చించలేదు. సంతకాల కింద ఇంకో వాక్యం గీకి ఆమె ముఖం ముందు పెట్టాడు. పండు ఇచ్చేవాళ్లు మొదటి జోకుకే నవ్వాలి.

"సరే, వచ్చే ఏడు నవ్వుతాలే" అంది అర్డిత్.

"వచ్చే ఏడు కాదు. ఇంకా పావుగంట ఉంది, వరసలో నలభై మంది ఉన్నారు. నా సంతకం నిలవాలంటే ఇప్పుడే మొదలెట్టు. ముందు ఆవు."