కమిషనర్ గారి ఎడంచేతి పిస్తోలు

మిస్సోరీ రాష్ట్రం హెల్మ్స్ కౌంటీ కమిషనర్ రాయిస్ టిడ్‌వెల్ గారు మంగళవారం ఉదయం పదిన్నరకి కోర్టు మెట్ల మీద నిలబడి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. గత ఇరవై రెండేళ్లుగా ఒక పిస్తోలు తన నడుముని అంటిపెట్టుకునే ఉందని చెప్పారు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడూ, కూతురి పెళ్లిలో డాన్సు చేసేటప్పుడూ, ఆఖరికి హెర్నియా ఆపరేషనప్పుడు కూడా అది పక్కనే ఉందన్నారు. ఆ పిస్తోలు ఉన్నంతకాలం ఈ కౌంటీ ప్రజల స్వేచ్ఛకి ఢోకా లేదన్నారు.

జనం చప్పట్లు కొట్టారు. ఆ పిస్తోలు ఒకసారి చూపిస్తారా అని స్థానిక పత్రిక విలేకరి అడిగాడు.

"సర్వీసింగుకి ఇచ్చాను," అన్నారు కమిషనర్ గారు, రెప్ప వెయ్యకుండా. "శనివారం ఫైర్ స్టేషన్ బార్బెక్యూకి అదీ నేనూ కలిసే వస్తాం."

ఇంత గొప్ప ప్రకటనలో ఉన్న లోటు ఒక్కటే. కమిషనర్ గారికి పిస్తోలు లేదు. ఎప్పుడూ లేదు. బుడగ పేలితే ఉలిక్కిపడి పక్కవాళ్ల చొక్కా పట్టుకునే మనిషి ఆయన. పోయిన వేసవిలో వంతెన ప్రారంభోత్సవంలో రిబ్బను కూడా కళ్లు మూసుకునే కత్తిరించారు.

ఆ సంగతి పట్టుకుని, పోయిన వారం టైర్ల దుకాణం డీక్ వాన్‌జాంట్ రేడియోలో ఆడుకున్నాడు. ఈసారి ఎన్నికల్లో ఆయన మీద నిలబడింది ఈ డీకే. "రాయిస్ అన్న చేతికి స్టేప్లర్ ఇచ్చినా కళ్లు మూసుకునే నొక్కుతాడు," అన్నాడు. కౌంటీ మొత్తం రెండు రోజులపాటు నవ్వింది. హెల్మ్స్ కౌంటీ ప్రజలు చాలా ఉదారులు. రోడ్డు వెయ్యకపోయినా క్షమిస్తారు, వేసిన రోడ్డు వానకి కొట్టుకుపోయినా క్షమిస్తారు. పిస్తోలు లేని నాయకుణ్ణి మాత్రం క్షమించరు. కమిషనర్ గారు ఓడిపోతే బావమరిది దగ్గర సెప్టిక్ ట్యాంకులు శుభ్రంచేసే లారీ ఒకటి ఖాళీగా ఉంది. బావమరిది అప్పటికే యూనిఫారం కొలతలు అడిగాడు.

కొత్త పిస్తోలు కొనడం ఎంతసేపు. కానీ కొత్తది మెరుస్తుంది. మనం మామిడికాయ బుగ్గ చూసి ఎన్నాళ్లకి పండుతుందో చెప్పినట్టు, ఇక్కడివాళ్లు పిస్తోలు అంచు చూసి దాని వయసు చెప్పేస్తారు. ఇరవై రెండేళ్లు ఒరలో రాసుకుని రాసుకుని అరిగిన పిస్తోలు కావాలి. అదీ శనివారం లోపల.

బుధవారం కమిషనర్ గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని పక్క కౌంటీకి వెళ్లారు. హైవే పక్కన 'తుపాకులు, చేపల ఎరలు' అని బోర్డు ఉన్న దుకాణం. యజమాని ఓపల్ స్టాంప్స్‌కి డెబ్బై ఏళ్లు. పాత పిస్తోళ్లు కొని, విప్పి, అరిగిన స్ప్రింగులు మార్చి, కొత్త రంగు వేసి అమ్మడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. అద్దాల బల్లలో ఇరవై పిస్తోళ్లు పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి.

"ఇంతకన్నా అధ్వాన్నంగా ఉన్నవి లేవా?" అన్నారు కమిషనర్ గారు.

ఓపల్ కళ్లజోడు పైకి తోసి చూసింది. యాభై ఏళ్ల వ్యాపారంలో ఈ ప్రశ్న ఆవిడకి ఇది రెండోసారి. మొదటిసారి నిన్న సాయంత్రమే. ఆ మాట ఆవిడ పైకి అనలేదు. లోపలికి వెళ్లి ఒక గుడ్డమూట తెచ్చి విప్పింది. నల్లటి పిస్తోలు. అంచులన్నీ అరిగి తెల్లగా తేలాయి. పిడి మీద కారు తలుపు కొట్టుకున్న గాట్లు. చూడగానే కమిషనర్ గారికి కళ్లు చెమర్చాయి.

"ఇది మీ కౌంటీ పోలీసులదే కమిషనర్ గారూ. వసంతంలో పాతవి నాకిచ్చి కొత్తవి తీసుకున్నారు కదా. వీటిని పేల్చడం కన్నా విసిరికొట్టడం నయమని అప్పుడు మీరే ఉపన్యాసం ఇచ్చారు. పేపర్లో చదివాను."

"అది ప్రభుత్వ విధానం. ఇది నా సొంత కొనుగోలు," అన్నారు కమిషనర్ గారు గంభీరంగా.

"పైన అరిగినా లోపల కొత్తదే. పోలీసు పిస్తోలు మొయ్యడానికే కానీ పేల్చడానికి కాదు. ఏడాదికోసారి పరీక్షలో యాభై గుళ్లు కాలుస్తారు, అంతే. కాకపోతే ఇంకా రంగు వెయ్యలేదు. అందుకని నలభై డాలర్లు తగ్గిస్తాను."

"రంగు వెయ్యకండి. కావాలంటే నలభై డాలర్లు ఎక్కువిస్తాను, ఈ మూల ఇంకో గీత పడుతుందా?"

తాను చేసేది బాగుచెయ్యడమే కానీ పాడుచెయ్యడం కాదని ఓపల్ ఖండితంగా చెప్పింది. ఫారం నింపించింది, డ్రైవింగ్ లైసెన్సు చూసి పేరు తనిఖీకి పంపింది, పావుగంటలో అనుమతి వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని కమిషనర్ గారు బతిమాలుకున్నారు. ఇక్కడ పేర్లు ఫారంలో ఉంటాయి కానీ నోట్లో ఉండవని ఓపల్ భరోసా ఇచ్చింది.

ఆయన పిస్తోలుని కుడిపక్క ఒరలో పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే ఆవిడ దగ్గింది.

"ఒక్క మాట. ఇది ఎడంచేతివాటం మనిషి వాడింది. గుళ్లుండే మ్యాగజైను ఊడే బొత్తాం చూడండి, అటు మార్చి ఉంది."

"ఇటు మార్చెయ్యండి."

"బొత్తాం రెండు నిమిషాల్లో మారుస్తాను. ఈ గాట్లు ఎలా మార్చను? ఎడం తుంటిన వేలాడింది కాబట్టి ఎడం పక్కంతా గీసుకుపోయింది. కుడి పక్క చూడండి, పసిపిల్ల బుగ్గలా ఉంది. మీ ఊళ్లో గుడ్డివాడు కూడా తడిమి పట్టేస్తాడు."

కమిషనర్ గారు క్షణం ఆలోచించారు. గొప్ప నాయకులకి నిర్ణయాలు త్వరగా తడతాయి. పిస్తోలు మారనప్పుడు మనిషి మారాలి.

గురువారం తెల్లారేసరికి ఆయన ఎడంచేతివాటం మనిషి అయిపోయారు. ఎడం చేత్తో పళ్లు తోముకుంటే సగం పేస్టు చెవిలోకి వెళ్లింది. ఎడం చేత్తో గుడ్డు తింటే అది టై మీదికి జారింది.

"ఏంటి రాయిస్, పక్షవాతమా?" అంది భార్య వెర్నా, ఫోన్ అందుకుంటూ.

"నేను పుట్టుకతో ఎడంచేతివాటం వెర్నా. ఇన్నాళ్లూ సమాజానికి భయపడి దాచుకున్నాను."

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా కుడి చేత్తోనే కదా నా ప్లేట్లో బంగాళదుంపలు దొంగిలిస్తున్నావు," అందావిడ. ఫోన్ మాత్రం కింద పెట్టేసింది.

ఆఫీసులో పదకొండు ఫైళ్ల మీద ఎడం చేత్తో సంతకం పెట్టారు. అవి సంతకాలో తొక్కేసిన సాలెపురుగులో తెలియక గుమాస్తాలు అన్నిటికీ ఆమోదముద్ర వేశారు. పశువుల సంతలో, వృద్ధుల కేంద్రంలో ఎడం చెయ్యి చాచారు. జనం కాస్త తడబడ్డా, సాయంత్రానికల్లా అలవాటు పడ్డారు. రిటైరైన స్కూలు టీచరమ్మ ఒకావిడైతే, రాయిస్ ఎడంచేతివాటం పిల్లాడని రెండో తరగతిలోనే వాళ్లమ్మకి చెప్పానని అందరి ముందూ గుర్తుచేసుకుంది. ఆ టీచరమ్మ దగ్గర ఆయన ఎప్పుడూ చదువుకోలేదు. శుక్రవారం రాత్రికి, తాను నిజంగానే ఎడంచేతివాటమేమో అని కమిషనర్ గారికే అనుమానం వచ్చింది.

శనివారం ఫైర్ స్టేషన్ మైదానంలో మూడొందల మంది పోగయ్యారు. బ్రిస్కెట్ మాంసం కాలుతున్న పొగ ఊరంతా కమ్మింది. అక్కడొక ఆనవాయితీ ఉంది. తిండి దగ్గర పిస్తోళ్లు ఉండకూడదు. గేటు దగ్గర బల్ల ముందు ప్రతివాళ్లూ తమది ఖాళీచేసి అప్పగించాలి. బల్ల దగ్గర మనిషి కాగితం చీటీ మీద పేరు రాసి, దారంతో కట్టి, అట్టపెట్టెలో పెట్టి, వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తుంది.

ఈ ఏడాది బల్ల దగ్గర కూర్చున్నది లర్లీన్ కోట్స్. ఇరవై రెండేళ్లు కౌంటీ పోలీసుల్లో డెప్యూటీగా చేసి, వసంతంలోనే రిటైరైంది. కమిషనర్ గారు జనం చూస్తుండగా ఎడం చేత్తో పిస్తోలు తీసి, ఇంట్లో తొంభైసార్లు సాధన చేసిన విధంగా మ్యాగజైను ఊడదీసి ఇచ్చారు. లర్లీన్ దాన్ని తిప్పి చూసింది. పిడి మీది గాటు మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"గుళ్లే లేవే కమిషనర్ గారూ."

"భద్రతే నాకు ముఖ్యం."

"బాగా వాడిన పిస్తోలు," అని, ఆవిడ చీటీ మీద పేరు రాసుకుంది. ఎడం చేత్తో రాసింది. ఈ కౌంటీలో ఎడంచేతివాళ్లు చాలామందే ఉన్నారే అని కమిషనర్ గారు సంతోషించారు.

ఎన్నికల చర్చ కోసం వేదిక మీదికి డీక్ ముందే వచ్చి ఉన్నాడు. కరచాలనానికి అతనూ ఎడం చెయ్యే చాచాడు. ప్రత్యర్థి తన పుట్టుకని ఇంతగా గౌరవిస్తాడనుకోని కమిషనర్ గారి గుండె కరిగింది. కానీ డీక్ ఎడం చేత్తో గ్లాసెత్తి, మంచినీళ్లు చొక్కా మీద పోసుకోవడం చూశాక, వీడు నన్ను వెక్కిరిస్తున్నాడని అర్థం చేసుకుని పళ్లు కొరుక్కున్నారు.

చర్చ మహా రసవత్తరంగా సాగింది. ఇరవై రెండేళ్లుగా తన పిస్తోలు తన ఒంట్లో భాగమైపోయిందని, చీకట్లో కూడా దాన్ని పోల్చుకోగలనని కమిషనర్ గారు అన్నారు. తనకీ ఇరవై రెండేళ్లేనని, తాను నిద్రలో కూడా పోల్చుకోగలనని డీక్ అన్నాడు. రోడ్ల గురించి ఎవరూ అడగలేదు.

చర్చ ముగిశాక ఇద్దరూ జనం మధ్యలోంచి చేతులూపుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. ఎడం చేతులే ఊపారు. వెనకే మూడొందల మంది వరస కట్టారు, పత్రిక ఫోటోగ్రాఫరు ముందుకి పరిగెత్తాడు.

లర్లీన్ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రెండు పిస్తోళ్లు పక్కపక్కన పెట్టింది. రెండూ నల్లవే. రెండిటికీ అంచులు అరిగి తెల్లగా ఉన్నాయి. రెండిటికీ ఎడం పక్కే గాట్లు, రెండిటికీ బొత్తాం అటే. కన్నతల్లి కూడా తేడా పట్టలేని కవలపిల్లల్లా ఉన్నాయి.

"పదకొండేళ్లు ఒకటి, పదకొండేళ్లు ఒకటి మోశానంటే నమ్ముతారా," అంది ఆవిడ, ఎవరితోనో అన్నట్టు. తర్వాత తల ఎత్తింది. "చీటీలు ఊడిపోయాయి నాయనా. మీవి మీరు తీసుకోండి. ఇరవై రెండేళ్లు కదా."

వరసలో బ్రిస్కెట్ నములుతున్నవాళ్లు కూడా దవడలు ఆపేశారు. కమిషనర్ గారు ఎడమ వైపుది చూశారు, కుడి వైపుది చూశారు. మూడు రోజులు దిండు కింద పెట్టుకుని పడుకున్న పిస్తోలు. దాని మొహం ఒక్క పిసరు గుర్తు రావడం లేదు. పక్కన డీక్ నుదుటి మీంచి చెమట బొట్టు గుడ్డ మీద పడింది. వాడికన్నా ముందు తీసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు లారీ కళ్లముందు హారన్ కొట్టింది.

ఇద్దరూ ఒక్కసారే చేతులు చాచారు. రెండు చేతులూ ఒకే పిస్తోలు మీద పడ్డాయి. రెండూ కుడి చేతులే.

లర్లీన్ రెండో పిస్తోలుని ఎడం చేత్తో ఎత్తింది. బొటనవేలు దానంతట అదే గాట్లో కూర్చుంది.

"మరి ఇదెవరిది?"

"నీదే అక్కా," అన్నారెవరో వరసలోంచి.

ఫోటోగ్రాఫరు కెమెరా నొక్కాడు. ఆ ఫోటోని ఆదివారం పత్రిక మొదటి పేజీలో వేసింది. విభేదాలు పక్కన పెట్టి ఇద్దరు నాయకులూ చేతిమీద చెయ్యి వేసుకున్నారని, కౌంటీ భద్రత విషయంలో ఇద్దరిదీ ఒకే మాట అని దాని కింద రాసింది.