ముందుగదిలో రాతియుగం

ఆదివారం పొద్దున నేను ముందుగది ఊడుస్తున్నాను. మా ఇంటికి రాతియుగం వచ్చిన దగ్గర్నుంచి ఊడ్చే పని కాస్త పెరిగింది. రాతిపెచ్చులు మెత్తటి చీపురుకు లొంగవు, గట్టిది కావాలి. పెద్దవి బుద్ధిగా చేటలోకి వచ్చేస్తాయి. సన్నవి మాత్రం గచ్చు పగుళ్ళలో దాక్కుని, ఎవరి అరికాలు దొరుకుతుందా అని చూస్తుంటాయి. ఆ వేళ గది మరీ శుభ్రంగా ఉండాలని ఆజ్ఞ, ఎందుకంటే సాయంత్రం ప్రారంభోత్సవం.

ఇది మా అక్కావాళ్ళ ఇల్లు. అక్క దగ్గర కుట్టుపని నేర్చుకుందామని వచ్చి ఇక్కడే ఉంటున్నాను. బావ నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయనకి రక్తపోటు ఎక్కువగా ఉందనీ, ఏదైనా సరదా పని పెట్టుకోమనీ డాక్టరు చెప్పాడు. డాక్టరు మనసులో ఉన్నది మొక్కలకు నీళ్ళు పోయడమో, సాయంత్రం నాలుగడుగులు నడవడమో అయివుంటుంది. బావ మాత్రం ఆలోచించి, మానవజాతికి రక్తపోటు లేని కాలం ఏదో కనిపెట్టి, ఆ కాలం మనుషులు చేసిన పనే తానూ మొదలుపెట్టాడు. రాతిని రాతితో కొట్టి, పెచ్చులు లేపి, ఆయుధం చేయడం.

మంచి పనికి తోడు దొరకడం ఎంతసేపు? కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు వచ్చాడు. పళ్ళ డాక్టరు వచ్చాడు. ముగ్గురు కలిస్తే సంఘం అవుతుందని మీకు నేను చెప్పాలా? సంఘం అనగానే అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి కావాలి. ముగ్గురికీ మూడు పదవులు సరిగ్గా సరిపోయాయి కాబట్టి ఎన్నికలు ప్రశాంతంగా ముగిశాయి. సామాన్య సభ్యులు లేకపోవడం ఆ సంఘం అదృష్టం.

మొదట్లో సంఘం ఎదురింట్లో, పళ్ళ డాక్టరుగారి ముందుగదిలో సమావేశమయ్యేది. ఒకనాడు ఒక పెచ్చు ఎగిరి ఆయన భార్య అద్దాల బీరువా పగలగొట్టింది. ఆవిడకి చరిత్ర మీద గౌరవం తక్కువ. రాళ్ళనూ, పదవులనూ కలిపి వీధిలో పెట్టింది. అప్పుడు సంఘం రోడ్డు దాటి మా ఇంటికి వలస వచ్చింది. ఆదిమానవుడు కూడా ఇలాగే వలస వెళ్ళేవాడని లెక్చరరుగారు అందరికీ ధైర్యం చెప్పారు.

మా ముందుగదిలో అప్పటిదాకా అక్క కుట్టుమిషను ఉండేది. వీధివైపు కిటికీ, మంచి వెలుతురు. వీధి చివరి బడి పిల్లల యూనిఫారాలన్నీ ఏటా అక్కే కుడుతుంది. ఇప్పుడు ఆ పనే సాగుతోంది. సోమవారం బడి తెరుస్తారు, ఆ పొద్దుటికి అందించాలి. అందకపోతే వచ్చే ఏడు ఆ పని బజారులోని అద్దాల తలుపుల దుకాణానికి వెళ్ళిపోతుందని హెడ్‌మిస్ట్రెస్ మర్యాదగానే చెప్పింది.

అయితే సంఘం మొదటి తీర్మానం ఏమిటంటే, పనిచేసే గదిలో ఇనుము ఉండరాదు. ఇనుము మనిషిని సోమరిని చేసిందని అధ్యక్షుడు బావ ప్రసంగించాడు. విని, స్కూటర్ల తాళాలు చేతిలో తిప్పుకుంటూ మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. కుట్టుమిషను వెనకవరండాలోకి వెళ్ళింది. కత్తెర కనిపిస్తే సభ్యుల మనసు చలిస్తుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువా కూడా ఇనపదే, ముందుగదిలోనే ఉంది. కానీ బరువెక్కువ కాబట్టి దానికి మినహాయింపు ఇచ్చారు.

"కొన్నాళ్ళే కదే" అన్నాడు బావ అక్కతో.

గుడ్డ ముందే కత్తిరించి పెట్టుకోబట్టి సరిపోయింది. దారాలు తెంపడానికి మాత్రం అక్క నా చేటలోంచి ఒక పల్చటి పెచ్చు ఏరుకుంది. ఇలా ఆనిస్తే చాలు, దారం అలా తెగిపోయేది. ఈ సంగతి సంఘం దృష్టికి రాలేదు. వెనకవరండాలో చరిత్ర జరుగుతుందని ఎవరూ అనుకోరు.

సంఘం మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. కట్లు కట్టుకుని కూర్చుంది. కొత్తవాడి వేలికి ఒక కట్టు, అనుభవజ్ఞుడి చేతికి పిడికెడు కట్లు. బావ బొటనవేలి కట్టు చాలా పెద్దది, ఆఫీసులో సంతకాలు ఆగిపోయేంత పెద్దది. ఆయన అధ్యక్షుడు కావడానికి అదే ముఖ్య అర్హత. ఈ పక్క కొండరాయి వీళ్ళకి ఆనలేదు. కావలసిన చెకుముకిరాయి సముద్రాల అవతలి నుంచి విమానంలో, దూదిలో చుట్టుకుని వచ్చేది. ఆదిమానవుడి సాదాసీదా జీవితం గురించి ఆ పార్శిల్ విప్పుతూ మాట్లాడుకునేవారు.

అంతలో సిద్ధాంత విభేదాలు వచ్చాయి. పళ్ళ డాక్టరుకి వృత్తిరీత్యా దేన్నయినా అరగదీసి నునుపు చేసే అలవాటు. నునుపు చేయడం తరవాతి యుగం లక్షణమనీ, సంఘం అనుమతి లేకుండా ఎవరూ యుగం మారరాదనీ లెక్చరరు మండిపడ్డాడు. చివరికి, అరగదీసే పని వెనకవరండాలో చేసుకోవచ్చని రాజీ కుదిరింది. అరగదీతకు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు యూనిఫారాల మీద చిందేవి. ఉతికి ఆరేసి మళ్ళీ కుట్టడం అక్కకి పెద్ద పనేమీ కాదని అందరూ ఒప్పుకున్నారు. ఆ సమయంలో అక్క టీ పెడుతోంది.

రాయి చెక్కేటప్పుడు ఒళ్ళో వేసుకోడానికి తోలు దొరకలేదని బావ నిక్కర్ల గుడ్డ వాడేవాడు. ఆ ఆదివారం పొద్దునా అదే పరుచుకున్నాడు.

"ఏవండీ, మళ్ళీ ఆ గుడ్డ తీశారా? పెచ్చులు ఇరుక్కుంటే పిల్లలు ఎలా కూర్చుంటారు?"

"కూర్చోలేకపోతే నిలబడతారు. మనిషి నిలబడ్డాకేనే నాగరికత మొదలైంది!"

బావ నావైపు తిరిగాడు.

"ఏం మరదలా, నవ్వుతున్నావు?"

"లేదు బావా, ఊడుస్తున్నాను."

సాయంత్రమైంది. సంఘం గదిని ప్రారంభించడానికి ముఖ్య అతిథిగా బావవాళ్ళ చీఫ్ ఇంజనీరు కారులో, వెనకే ఫోటోగ్రాఫరూ వచ్చారు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. ఆడపిల్లల గౌన్ల అంచులకని అక్క దాచుకున్నదే అది. అక్క వరండాలో ఆఖరి గౌనుకి గుండీలు కుడుతోంది. కాజాల దగ్గర కత్తెర కావలసి, నన్ను పంపింది. నేను వచ్చి చేటతో గుమ్మం పక్కన నిలబడ్డాను. అధ్యక్షుల వారిని బీరువా తాళం అడిగే సందు దొరకలేదు.

ముందుగా లెక్చరరు ప్రసంగించాడు. "ఆ మహాయుగంలో పురుషుడు ఆయుధం చెక్కాడు. స్త్రీలు ఏం చేసేవారో మనకు ఆధారాలు దొరకలేదు. వెతుకుతున్నాం." అని, అక్క ఇచ్చిన టీ గ్లాసు ఖాళీ చేసి కిటికీలో పెట్టాడు.

తరవాత బావ తన రాతికత్తిని తుండుగుడ్డలోంచి తీశాడు. నెలల తరబడి చెక్కింది, అరచేయంత ఉంది. పెచ్చులు లేపగా లేపగా మిగిలిన మధ్యముక్క అది. వాడిగా ఉన్నవన్నీ ఎప్పటికప్పుడు కింద రాలిపోయేవి, నేను ఊడ్చి పారబోసేదాన్ని.

అతిథి రిబ్బను మీద కత్తి ఆనించి లాగాడు. రిబ్బను వంగింది. గట్టిగా లాగాడు. సాగింది. రెండు చేతులతో కోశాడు. మడత పడి, వదలగానే మళ్ళీ సాఫుగా నిలబడింది. ఫోటోగ్రాఫరు దగ్గాడు. నా చేతిలో చేట ఉంది. అందులో ఏముందో ఎవరూ అడగలేదు.

అప్పుడు ఆ సంఘంలోని ఐకమత్యం నేను మొదటిసారి చూశాను. ఎవరికి వారు ఎందుకైనా మంచిదని జేబులో చేయి పెట్టారు. లెక్చరరు మీసాల కత్తెర తీశాడు. పళ్ళ డాక్టరు చిగుళ్ళ కుట్ల దారాలు కోసే చిన్న కత్తెర తీశాడు. బావ లాల్చీ జేబులోంచి అక్క పెద్ద కత్తెర బయటికొచ్చింది. సభ గౌరవం చెడకుండా ముఖ్య అతిథి కూడా తన కోటు లోపలి జేబులోంచి ఒకటి తీశాడు. ప్రారంభోత్సవాలకి వెళ్ళేవారికి అనుభవం ఉంటుంది. రిబ్బను ఒకేసారి నాలుగు చోట్ల తెగింది. ఫోటోలో మాత్రం రాతికత్తి ఒక్కటే పడేలా ఫోటోగ్రాఫరు జాగ్రత్త తీసుకున్నాడు.

"ఇనుము లేకుండా మనిషి బతకగలడని ఈ రోజు రుజువైంది!" అన్నాడు అతిథి గొంతు పెంచి. "ఈ గదిని శాశ్వతంగా శిలాయుధ కళాకేంద్రానికి అంకితం చేసిన ఈ ఇంటి ఇల్లాలికి మన జోహార్లు!"

చప్పట్లు మోగాయి. శాశ్వతంగా అన్న మాట అక్క మొదటిసారి వింది. నేను ఎంతకీ రాలేదని, గౌను చేత్తో పట్టుకునే వరండా తలుపు దగ్గరికి వచ్చి నిలబడివుంది. బావ ఆమె ముఖం చూసి ఒక్క క్షణం చప్పట్లు ఆపి, పక్కవాళ్ళు ఆపలేదు కాబట్టి మళ్ళీ అందుకున్నాడు.

కత్తెర ఇంకా పట్టుకునే చప్పట్లు కొడుతున్న ఆ చేతుల మధ్య నుంచి అక్క దాన్ని తీసుకుంది. వరండాలోకి వెళ్ళి యూనిఫారాలన్నీ మూట కట్టి మిషను మీద పెట్టింది. నాకు కళ్ళతోనే చెప్పింది. నేను చేట కింద పెట్టి, వెనకే వెళ్ళి మిషను రెండో వైపు పట్టుకున్నాను.

వీధిలోకి దారి ముందుగదిలోంచే. సభ్యులు కుర్చీలు జరిపి ఎంతో మర్యాదగా దారి ఇచ్చారు. "చూశారా, మిగిలిన ఇనుము కూడా తనంతట తానే వెళ్ళిపోతోంది" అన్నాడు పళ్ళ డాక్టరు, ముచ్చటపడి. ఎదురింటి ముందుగది తలుపు బార్లా తీసి, చీర కొంగు నడుముకి దోపి, ఆయన భార్య గుమ్మంలో నిలబడివుంది. అది ఆయన చూడలేదు.

"ఆ యుగపు స్త్రీల గురించి..." అని లెక్చరరు మళ్ళీ లేచాడు. "పరిశోధన ఎంత చేసినా ఒక్క ఆనవాలు లేదండీ. అన్నట్టు, రెండో విడత టీ ఇంకా రాలేదేం?"

కింద ముక్కలైన రిబ్బను దాటుకుంటూ అక్క గడప దిగింది.