కంఠతా రాని సొంత అభిప్రాయం

ఒక పెద్ద అడవిలో, చెట్ల లెక్కన కాకపోయినా కమిటీల లెక్కన చాలా పెద్దదైన అడవిలో, ఒక హైస్కూలు ఉండేది. దానికి హెడ్మాస్టరు గున్నయ్య అనే ఎలుగుబంటి. పాఠం చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది గానీ గంట కొట్టించడంలో ఆయనను మించినవాడు లేడు.

ఒకనాడు గున్నయ్యగారి చెవిన ఒక వార్త పడింది. పక్క అడవి హైస్కూల్లో పదో తరగతికి అమెరికా అడవుల సాహిత్యం మొదలుపెట్టారట. అక్కడ ఏం చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో ఆయన అడగలేదు. మన పిల్లలు అటు పోతారేమోనని మాత్రం రెండు రోజులు తేనె ముట్టలేదు. మూడో రోజు వకుళ టీచరును పిలిపించాడు.

వకుళ టీచరు ముంగిస. ఓడరేవు గోదాములో పుట్టి పెరిగింది కాబట్టి నాలుగు విదేశీ భాషలు వచ్చు. తొమ్మిదేళ్లుగా ఆ బడిలో తాత్కాలిక ఉద్యోగం. ప్రతి వేసవికీ తీసేసేవారు, ప్రతి వానాకాలానికీ మళ్లీ దరఖాస్తు పెట్టించేవారు. ఈ తొమ్మిదేళ్లలో ఆమెకంటే వెనక చేరిన ముగ్గురు పర్మనెంటు అయ్యారు. వాళ్లలో ఒకరు కమిటీ అధ్యక్షుడైన చిరుతకు వేలు విడిచిన బంధువు, మిగతా ఇద్దరు బంధువులకు బంధువులు.

“ఈ అమెరికా పాఠం నువ్వు చెప్పాలమ్మా,” అన్నాడు గున్నయ్య. “నెలాఖరుకు అధ్యక్షులవారు తనిఖీకి వస్తున్నారు. క్లాసంతా గడగడా అప్పజెబితే నీ పర్మనెంటు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టిస్తాను. ఒక్కరు తడబడినా నా చేతుల్లో లేదు.”

వకుళ సరేనంది. ఆశ పుట్టాక సరే అనడానికి ఎంతసేపు పడుతుంది?

పుస్తకం చలికాలంలో వలస వచ్చే పక్షులతో వచ్చింది. ఒకే ఒక్క ప్రతి. కథ ఒక బీవరు పిల్లది. బీవరు అనే జంతువును ఆ అడవిలో ఎవరూ చూడలేదు. పందికొక్కుకు చదునైన తోక తగిలిస్తే ఎలా ఉంటుందో అలాంటి బొమ్మ ఒకటి టీచరు బోర్డు మీద గీసింది. బీవరులు ఏటికి అడ్డంగా కట్టలు కడతాయి. ఈ కథలో బీవరు పెద్దలంతా కలిసి బ్రహ్మాండమైన కట్ట కట్టుకుంటే, దిగువనున్న జంతువులకు గుక్కెడు నీళ్లు లేకుండా పోతాయి. ఒక పిల్ల బీవరు సభలో లేచి నిలబడి, ఈ నీళ్లు ఎవరివని అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు. అప్పుడది ఒక్కతే వెళ్లి కట్టను పళ్లతో కొరికేస్తుంది. కథ అంతే.

చదువుతున్నంతసేపూ వకుళకు ఒళ్లు పులకరించింది. అంతకంటే పులకరింపు ప్రశ్నపత్రం నమూనా చూస్తే కలిగింది. విదేశీ సాహిత్యం కాబట్టి చివర పది మార్కులకు ఒక ప్రశ్న తప్పనిసరి: ‘బీవరు చేసిన పనిపై మీ సొంత అభిప్రాయం రాయండి.’

మర్నాడు ఆమె క్లాసులో పుస్తకం మూసేసి, మీకేమనిపించిందో చెప్పండి పిల్లలూ, అని అడిగింది. నలభై ఒక్క జతల కళ్లు ఆమెను చూశాయి. జింక పిల్ల పెన్ను మూత తీసి, చెప్పండి టీచర్ రాసుకుంటాం, అంది. నక్క పిల్ల ఇది ఇంపార్టెంటా అని ఆరా తీసింది. అడవిపంది పిల్లకు మాత్రం నిజంగానే ఒక ఆలోచన వచ్చింది, బీవరు తినడానికి ఎలా ఉంటుందని.

అయినా వారం రోజులు ప్రయత్నించింది వకుళ. తప్పయినా ఫరవాలేదంది. తప్పయితే మార్కులు ఎలా వేస్తారని పిల్లలు బెంగపడ్డారు. వాళ్ల తల్లిదండ్రులు వచ్చి, టీచరు నోట్సు ఇవ్వకుండా పిల్లల్నే అడుగుతోందని గున్నయ్యకు మొరపెట్టుకున్నారు. ఆయన వకుళను పిలిచి, సొంత అభిప్రాయం ఒకటి మంచిది చూసి రాసి, అందరికీ ఇచ్చేయమన్నాడు.

తనిఖీకి పది రోజులే ఉన్నాయి. వకుళ కూర్చుని రాసింది. రాయడం మొదలుపెట్టాక తొమ్మిదేళ్లుగా గొంతులో అడ్డం పడినదంతా కాగితం మీదికి వచ్చేసింది. ‘బీవరు చేసిందే న్యాయం. ఏరు పైనున్నవాడి సొత్తు కాదు. బలం ఉన్నవాడు కట్ట కడితే, గొంతు ఉన్నవాడు అడగాలి. అడిగినా వినకపోతే కట్ట తెగాలి. ఇది ఒకరు చెప్పగా నేను అంటున్న మాట కాదు, నా గుండెలోంచి వచ్చిన మాట.’ ఆఖరి వాక్యం ఉంటే నమ్మకంగా ఉంటుందని కలిపింది.

ఆ రోజు నుంచి ఉదయం ప్రార్థన కాగానే నలభై గొంతులు ఒక్క స్వరంతో సొంత అభిప్రాయం వల్లె వేసేవి. గున్నయ్య కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఆయన విన్నది అర్థాన్ని కాదు, ధ్వనిని.

నలభై గొంతులే. నలభై ఒకటోది మంగతాయి అనే తాబేలు పిల్ల. దానికి ఏదీ కంఠతా రాదు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి, అలా ఎందుకన్నారని ఆలోచిస్తూ కూర్చునేది. తనిఖీ రోజున దాన్ని ఆఖరి వరసలో ఏనుగు గున్న వెనక కూర్చోబెట్టి, నోరు మెదపొద్దని చెప్పారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ అడవిలో కూడా ఒక వాగు ఉంది. రెండేళ్ల కిందట అధ్యక్షుడు చిరుత తన గుహ పక్కన బండలు పేర్పించి దానికి కట్ట కట్టించుకున్నాడు. అప్పటినుంచి బడి పిల్లలు దాహానికి ఉసిరికాయలు నములుతున్నారు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ మాట్లాడరు.

చిరుత వచ్చాడు. పూలదండ వేశారు. జింక పిల్లను లేపి, ఏదీ నీ సొంత అభిప్రాయం చెప్పమ్మా, అన్నాడు ముద్దుగా. జింక పిల్ల కళ్లు పైకెత్తి గడగడా చెప్పేసింది.

ఏరు పైనున్నవాడి సొత్తు కాదు అన్నచోట చిరుత తోక కదలడం ఆగిపోయింది. కట్ట తెగాలి అన్నచోట పూలదండ తీసి పక్కన పెట్టాడు. ఎవరు నేర్పారని అడిగాడు. ఇది ఒకరు చెప్పగా నేను అంటున్న మాట కాదు, నా గుండెలోంచి వచ్చిన మాట, అంది జింక పిల్ల, అప్పజెప్పడం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి.

నక్క పిల్లను లేపాడు. అదీ అదే అంది. కుందేలు పిల్ల, అడవిపంది పిల్ల, ఏనుగు గున్న, ఒకరి తర్వాత ఒకరు లేచి, భయం లేకుండా, ఆయన ముఖంలోకి చూస్తూ కట్ట తెగాలన్నారు. గున్నయ్యకు ఇప్పుడు అర్థం వినబడింది. ఆయన నెమ్మదిగా తలుపు వైపు జరగసాగాడు.

చిరుతకు చెమట పట్టింది. ఒక్కడు ఎదురు తిరిగితే నమిలేయవచ్చు. నలభై మంది పిల్లలు, నలభై గుండెలు, అందరి వెనకా తల్లులు, తండ్రులు. తోక కాళ్ల మధ్యకు పోయింది. “చూడండి బాబూ,” అన్నాడు మెల్లగా, “ఆ బండల సంగతి నేను కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. రేపో ఎల్లుండో...”

పర్మనెంటు ఉద్యోగం పోయిందని వకుళకు అప్పుడే అర్థమైపోయింది. విచిత్రంగా బాధ కలగలేదు. వాగు వచ్చేస్తే చాలనిపించింది. తన జీవితంలో అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ లేదు.

సరిగ్గా అప్పుడు, ఏనుగు గున్న లేచి నిలబడి ఉండటంతో దాని కాళ్ల సందులోంచి వెనకనున్న మంగతాయి చిరుత కంటపడింది. నీ అభిప్రాయం కూడా అదేనా తల్లీ, అన్నాడు ప్రాణాలరచేత పెట్టుకుని.

మంగతాయి నిలబడింది. “నాకు సొంత అభిప్రాయం కంఠతా రాలేదండీ,” అంది. “మిగతా అందరికీ వచ్చింది. టీచరుగారు పది రోజులు చెప్పించారు.”

చిరుత ఒకసారి నలభై ముఖాల కేసీ చూశాడు. అవి భయం లేని ముఖాలు కావు, తర్వాతి ప్రశ్న కోసం చూస్తున్న ముఖాలు. ఆయన తోక బయటికి వచ్చింది. పూలదండ తీసి మళ్లీ మెడలో వేసుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. గున్నయ్య తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చి తనూ నవ్వాడు.

“మరి నీకేం వచ్చు?” అన్నాడు చిరుత, కళ్లు తుడుచుకుంటూ.

“ఏం రాదండీ. ఒక సందేహం మాత్రం వచ్చింది. ఆ కథలో కట్ట, మన వాగు మీద కట్టలాంటిదేనా అని.”

నవ్వు ఆగింది. చిరుత గున్నయ్య చేతిలోని పర్మనెంటు కాగితం తీసుకుని, పెన్ను తెరిచి పట్టుకుని, వకుళ వైపు తిరిగాడు.

“పిల్ల అడుగుతోంది కదా టీచరమ్మా. చెప్పండి.”

వకుళ మంగతాయిని చూసింది. అది మెడ చాచి, నిజంగా తెలుసుకోవాలని ఎదురుచూస్తోంది. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆమె మాట కోసం అలా చూసిన మొదటి విద్యార్థి అదే. వకుళ కాగితాన్ని చూసింది.

“కాదమ్మా,” అంది. “అది అమెరికా కట్ట.”

చిరుత సంతకం పెట్టాడు. ఆ ఏడాది ఫలితాల్లో పదో తరగతి మొత్తం పాసైంది, ఒక్క మంగతాయి తప్ప. సొంత అభిప్రాయం రాని కారణంగా దాన్ని అదే తరగతిలో ఉంచేశారు. వకుళ టీచరు పాఠం అడవిలోని అన్ని బళ్లలోనూ చెప్పాలని అధ్యక్షుడే స్వయంగా ఉత్తర్వు వేశాడు. ఇప్పుడు రోజూ ఉదయం వేల గొంతులు కట్ట తెగాలని వల్లె వేస్తుంటే, ఆయన కట్ట మీద పడుకుని ఆ లయకు తోక ఊపుతుంటాడు.

నీతి: తిరుగుబాటు పాఠం ఎంత బాగా కంఠతా వస్తే, కట్ట అంత గట్టిగా నిలుస్తుంది.