మార్పులేమైనా ఉంటే తెలపండి

ఆ ఉదయం జాబితారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు భార్యను కంటి ఆసుపత్రి దగ్గర దించాలి. ఏటా ఏజెంటు నింపే మోటార్ సైకిల్ ఫారం ఈసారి తనే నింపి, తొమ్మిదికి బీమా ఆఫీసులో ఇచ్చెయ్యాలి. పదింటికల్లా గోదాములో తన కుర్చీలో ఉండాలి. ఆ ఫారం నింపడానికి మామూలు మనిషికి రెండు నిమిషాలు చాలు. అతను మామూలు మనిషి కాకపోవడమే వచ్చిన చిక్కు.

ఇరవై రెండేళ్లుగా అతను ఒక పెద్ద గోదాములో సరుకుల జాబితాలు రాసే గుమాస్తా. ఉన్నది రాయకపోతే దొంగతనం, లేనిది రాస్తే మోసం అని అక్కడ చేరిన రోజునే చెప్పారు. పక్క సీటు మనిషి ఒకసారి విరిగిన నిచ్చెనను రాయడం మరిచిపోయి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది కళ్లారా చూసినప్పటి నుంచి ఇతను అరిగిపోయిన చీపురును కూడా "చీపురు, అరిగినది, ఒకటి" అని రాస్తూ వచ్చాడు. ఆ పుణ్యాన తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయి, గోదాము వాళ్లు పెట్టిన పేరు మిగిలింది.

ఇక బండి సంగతి. నాలుగేళ్ల కిందట అతని భార్య ఆసుపత్రి మెట్ల మీంచి జారిపడింది. ఎడమ తుంటిలో ఇనప కడ్డీ వేశారు. ఆ కాలు వంగదు, బస్సు మెట్టు ఎక్కలేదు. రోజూ ఆటోలో వెళ్లి రావాలంటే జీతంలో సగం దానికే పోతుంది. అందుకని వీధి చివరి వెల్డింగు మేస్త్రీ బండి వెనక వీపుకు ఆనుడు, కుడిచేత్తో పట్టుకోవడానికి కమ్మీ, ఎడమ కాలు చాపుకోవడానికి ఒక పొడవాటి ఇనప పలక బిగించాడు. మూడు రోజులు ఆవిడను కూర్చోబెట్టి, కాలు ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీసుకుని మరీ చేశాడు. ఆ బండి ఉంది కాబట్టే ఆసుపత్రి చీటీల కౌంటరులో ఆవిడ ఉద్యోగం ఉంది. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తరువాత జరిగిందంతా వినేవాళ్లకు నవ్వు తెప్పిస్తుంది.

"తయారైన తరువాత వాహనంలో మార్పులేమైనా చేసి ఉంటే తెలపండి" అని ఉంది ఫారంలో. దాని పక్కన అంగుళం పొడవు గడి. పక్క వాటాలో ఉండే బావమరిది టీ గ్లాసుతో వచ్చి తొంగి చూశాడు.

"లేవు అని రాసెయ్ బావా. అందరూ అదే రాస్తారు."

"వెనకాల కుర్చీ కనపడుతుంటే లేవు అని ఎలా రాస్తానురా?"

"నా బండి చూడు. సైలెన్సరు మార్చా, హ్యాండిలు మార్చా, చక్రాలు మార్చా, రంగు మార్చా. కంపెనీది మిగిలింది ట్యాంకొక్కటే. నేనేం రాశానో తెలుసా? లేవు."

"అది అబద్ధం కదరా."

"అది ఫారం బావా. నిన్నెవడూ ప్రమాణం చెయ్యమనలేదు."

భార్య చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోంచి అంది. "ఏమండీ, ఎనిమిది దాటింది. ఆ గడిలో పట్టినంత రాసి లేవండి."

"పట్టదు" అని జాబితారావు అదనపు కాగితం తీసుకున్నాడు. వీపు ఆనుడు, కమ్మీ, పలక అయ్యాక ఆగితే బాగుండేది. ఆగలేదు. సీటు మీద రెక్సిన్ తొడుగు, రెండో హారను, అద్దానికి కట్టిన దారం, అన్నీ ఎక్కాయి. పద్నాలుగో అంశంగా "పెట్రోలు ట్యాంకు ఎడమ వైపు సొట్ట, ఒకటి, మామగారి గేటు వలన" అని రాసి సంతకం చేశాడు.

"మా నాన్న గేటును కూడా ఎక్కించారా?" అంది భార్య.

"గేటును కాదు. సొట్టను."

బీమా కౌంటరులోని అమ్మాయి ఎనిమిదేళ్లుగా ఆ గడిలో "లేవు" తప్ప మరో మాట చూడలేదు. అలవాటు ప్రకారం ముందు ముద్ర కొట్టేసింది, తరువాత చదివింది. చదివి, లేచి, మేనేజరును పిలుచుకొచ్చింది. ఆయన కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఇవన్నీ ఎందుకు రాశారండీ?"

"తెలపమన్నారు కదండీ."

"తెలపమంటాం. అంటే ఇలా తెలిపేస్తారా?"

జాబితారావు కాగితం వెనక్కి తీసుకోబోయాడు. "పోనీ, లేవు అని ఇంకో ఫారం రాసిస్తాను."

"ఇప్పుడెలా కుదురుతుంది? మాకు తెలిసిపోయిందిగా. తెలిశాక తెలియనట్టుంటే మా ఉద్యోగాలు పోతాయి. రేపు తనిఖీకి మా మనిషి వస్తాడు, బండి చూపించండి."

మర్నాడు తనిఖీ మనిషి వచ్చేసరికి భార్య బండెక్కి కూర్చుని ఉంది. అతను చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని, అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు.

"ఈ సీటులో ఎవరిని ఎక్కించుకుంటారు?"

"నా భార్యని."

"రోజూనా?"

"రోజూ. రాను పోను."

"ఆవిడ మీకేమైనా ఇస్తుంటారా?"

జాబితారావు నిజాయితీగా ఆలోచించాడు. "ఒకటో తారీఖున జీతం తెచ్చి నా చేతికే ఇస్తుంది."

అతను తల ఊపి, "ప్రయాణికురాలు నెలవారీగా చెల్లిస్తున్నది" అని రాసుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా పాలసీ వచ్చింది. బండిని కిరాయి వాహనాల్లో చేర్చి, ప్రీమియం మూడింతలు చేశారు. ఆ పద్నాలుగు అంశాలనూ వరుసగా టైపు చేసి అనుబంధంగా కుట్టారు. ఒక నకలు రవాణా ఆఫీసుకు పంపినట్టు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివి బావమరిది నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. "అక్కా, బావ నీకు టాక్సీ పెట్టాడే" అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆ వ్యవహారంలో ఆవిడ నవ్వడం అదే ఆఖరు.

నాలుగో రోజున రవాణా ఆఫీసు నోటీసు వచ్చింది. అనుమతి లేని మార్పులు ఏడు రోజుల్లో తొలగించాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. జాబితారావు సెలవు పెట్టి, భార్య ఎక్స్‌రేలు చంకన పెట్టుకుని పరిగెత్తాడు. అక్కడి అధికారి ఓపిగ్గా విన్నాడు. ఆ ఓపిక చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

"కాలు బాగోలేని వాళ్ల కోసం బండి మార్చుకోవడానికి ఫారం ఉందండీ. ఆవిడ నడుపుతారా?"

"ఎలా నడుపుతుందండీ, కాలే రాదు."

"నడిపితే ఫారం ఉంది. వెనక కూర్చుంటే లేదు."

"ఆవిడ వెనక కూర్చోవడానికి కారణం నడపలేకపోవడమే కదండీ?"

"మీరు చెప్పింది సబబే. ఫారం లేదు" అన్నాడాయన.

వెల్డింగు మేస్త్రీయే బోల్టులు విప్పాడు. పలక తీసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. దాని అడుగున సుద్ద గీత ఇంకా చెరగలేదు. "నా చేత్తో పెట్టింది నా చేత్తోనే పీకిస్తున్నావు కదయ్యా" అని, ఇవ్వబోయిన కూలి తీసుకోకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం భార్య బండెక్కి చూసింది. కాలు గాల్లో వేలాడింది, వీధి మలుపు దగ్గరే పక్కకు జారింది. జాబితారావు పట్టుకోబట్టి కింద పడలేదు. ఆవిడ మెల్లగా దిగి, ఇంటిదాకా నడిచే వచ్చింది. మర్నాడు ఆసుపత్రికి ఫోను చేసి సెలవు అడిగింది. రెండు వారాలు ఇచ్చారు, ఆ తరువాత రావాల్సిందేనన్నారు.

ఇంత జరిగినా అతనిలోని గుమాస్తాకు బుద్ధి రాలేదు. ఉన్నవి పోయాయి కాబట్టి ఆ సంగతి కూడా తెలపాలి కదా. "తీసివేసినవి, పదమూడు" అని శీర్షిక పెట్టి కొత్త కాగితం రాసుకుని బీమా కౌంటరుకు వెళ్లాడు. ఆ అమ్మాయి అతన్ని చూడగానే ముద్రను పక్కకు జరిపింది.

"తీసేసినవి రాయడానికి మా దగ్గర గడి లేదండీ. వచ్చే ఏడాది ఫారంలో రాద్దురుగాని."

"ఇది తీసుకుని ఒక ముద్ర కొట్టండి, చాలు."

"గడి లేనిదానికి ముద్ర ఎలా కొడతామండీ?"

ఆ తరువాత మూడో రోజు పొద్దున్నే నీళ్ల లారీ ఒకటి వెనక్కు వస్తూ, గోడ పక్కన పెట్టిన రెండు బళ్లనూ కలిపి నలిపేసింది. ఒకటి జాబితారావుది, రెండోది బావమరిదిది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. జాబితారావు బండిని చూసి, ముందు భయపడి, వెంటనే ఊపిరి పీల్చుకున్నాడు. మూడింతలు కట్టాడు కదా. పరిహారం వస్తే దానికి కొంత అప్పు కలిపి ఒక పాత చిన్న కారు చూడొచ్చు, అందులో ఆవిడ కాలు చాపుకోవచ్చు. ఆవిడ పెట్టిన సెలవులో ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

నష్టం లెక్కకట్టడానికి వచ్చిన బీమా సర్వేయరు మొదట బావమరిది బండి చూశాడు. కాగితంలో "మార్పులు: లేవు" అని ఉంది. చక్రాలు వంకరపోయాయి, సైలెన్సరు మురుగు కాలవలో పడింది. కంపెనీది ఏదో, కానిది ఏదో పుట్టించినవాడు కూడా చెప్పలేడు. సర్వేయరు రెండు నిమిషాల్లో సంతకం చేసి ఇటు తిరిగి, అనుబంధం విప్పాడు.

"ఒకటి, వీపు ఆనుడు. ఏదండీ?"

"తీసేశామండీ. రవాణా ఆఫీసు నోటీసు ఇదిగో."

"రెండు, కమ్మీ. లేదు. మూడు, పలక. లేదు." పదమూడు దాకా అలాగే టిక్కు పెట్టుకుంటూ పోయాడు. "పద్నాలుగు, సొట్ట."

ట్యాంకు అప్పడంలా నేలకు అంటుకుని ఉంది. "మొత్తం సొట్టే కదండీ" అన్నాడు జాబితారావు.

"ఎడమ వైపుది, మామగారి గేటు వలన అని ఉంది. అది విడిగా చూపించండి."

చూపించలేకపోయాడు. సర్వేయరు కలం మూశాడు. "మేం బీమా చేసిన బండి ఇది కాదండీ. తీసెయ్యడం కూడా మార్పే. అది మీరు తెలపలేదు."

"తెలపడానికే వచ్చానండీ. గడి లేదన్నారు."

"గడి లేదన్నట్టు రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

ఇరవై రెండేళ్లలో అతను కాగితం మీద పెట్టించుకోనిది ఆ ఒక్క మాటే. సర్వేయరు వెళ్లాక అతను గోడకు జారగిలబడి, నడి వీధిలో, అందరూ చూస్తుండగా ఏడ్చాడు.

భార్య సెలవులో పన్నెండో రోజుకు బావమరిది కొత్త బండి వచ్చింది. అప్పుడే సైలెన్సరు మార్చేశాడు కూడా. "అక్కా, రా, నేను దింపుతాను" అన్నాడు పాపం, మనస్ఫూర్తిగానే. ఆవిడ ఆ సీటును చూసింది, తన కాలును చూసుకుంది, లోపలికి వెళ్లింది.

సెలవు అయిపోయిన రోజు ఆసుపత్రి నుంచి రాజీనామా ఫారం వచ్చింది. చివర్లో, "ఉద్యోగం మానుకోవడానికి ప్రత్యేక కారణాలేమైనా ఉంటే తెలపండి" అని ఉంది. దాని పక్కన అంగుళం పొడవు గడి. జాబితారావు అలవాటుగా అదనపు కాగితం తీసి, కలం మూత విప్పాడు. భార్య అతని చేతిలోంచి కలం తీసుకుంది. ఆ గడిలో "లేవు" అని రాసింది.