మా సర్వర్ పడదు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో. మావారు పోయాక పొద్దు పోవడం లేదంటే మా మరిది కంప్యూటర్లో యుద్ధవిమానం నడపడం నేర్పాడు. ఆకాశంలో మనల్ని ఎవరు కూలిస్తే వాళ్ళ పేరు తెరమీద పడుతుంది. ఆ పేరు చదువుకుని మర్నాడు మనిషిని నిలదీయడం కోసం ఓనమాలు దిద్దాను. అందుచేత ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే మన్నించాలి. నా రాత నత్తనడక. ఇది మొదలుపెట్టినప్పుడు అధ్యక్షుడిగా ఉన్నాయనే పూర్తయ్యేసరికీ అధ్యక్షుడిగా ఉన్నాడు కాబట్టి పెద్ద నష్టం జరగలేదు. ఆ అధ్యక్షుడు మా మరిదే. ఇంట్లో నువ్వంటాను. పేపరుకు రాస్తున్నాను కాబట్టి ఇక్కడ వారూ వీరూ అంటాను.

"ఇకమీదట మన సర్వర్ పడదు. పడిందంటే ఆ క్షణమే నేను పదవి దిగిపోతాను" అని అధ్యక్షులవారు ప్రకటించారు.

ఈ చరిత్రాత్మక ప్రకటన ఆయన కళ్ళద్దాల షాపు వెనక గదిలో జరిగింది. ఒక పక్క అద్దాలు అరగదీసే మిషను, ఎదురుగా గోడకు కంటిపరీక్ష అక్షరాల బోర్డు, మధ్యలో కొత్త బల్లమీద కొత్త సర్వర్. గది ఇరుకు. మా విమాన సంఘంలో సగంమంది గుమ్మం బయట నిలబడి, ఏమన్నారో వినబడకపోయినా చప్పట్లు కొట్టారు. వినబడినవాళ్ళు మొహమొహాలు చూసుకుని ఇంకాస్త గట్టిగా కొట్టారు.

సర్వర్ అంటే ఏమిటో పాఠకులకు చెప్పాలి. మేమంతా ఎవరింట్లో వాళ్ళం కూర్చునే విమానాలు నడుపుతాం. అయినా అందరం ఒకే ఆకాశంలో కలుసుకుని కొట్టుకోవాలంటే నడుమ ఒక పెద్ద కంప్యూటర్ ఉండాలి. అదే సర్వర్. మేఘాలూ, నేలమీద ట్యాంకులూ, సముద్రంలో ఓడలూ, గాల్లో మేమూ, అన్నిటి లెక్కా అదే చూసుకోవాలి. లెక్క బరువైతే ముందు వణుకుతుంది. అంటే మన ముందు పోతున్న విమానం రెప్పపాటులో మన వెనక తేలుతుంది. వణుకు ముదిరితే పడిపోతుంది. అందరి తెరలూ నల్లబడతాయి. గెలుస్తున్నవాడు తల పట్టుకుంటాడు, ఓడుతున్నవాడు ఊపిరి పీల్చుకుంటాడు.

ఎన్నికల్లో అధ్యక్షులవారికి పోటీగా నిలబడింది ఆయన సొంత బావమరిదే. ఇస్త్రీ షాపు ఆయనది. "సర్వర్ అన్నాక పడుతుంది, పడితే లేపుకుందాం" అని ఆయన ప్రచారం చేశాడు. ఇంత నిరాశావాదిని ఎవరు గెలిపిస్తారు? ఆయన ఓటు ఆయనకైనా పడిందో లేదో అనుమానమే. ఓడిపోయాక ఒక పాత కంప్యూటర్ కొని ఇస్త్రీ బల్ల కింద పెట్టుకుని, తనూ ఒక సర్వర్ నడుపుతున్నానన్నాడు. మేము నవ్వుకున్నాం.

మా అధ్యక్ష పదవి సామాన్యమైంది కాదు. యుద్ధనౌకమీద మొదటి విమానం అధ్యక్షులవారిది. ఆయన సరేనంటేనే మిగతావాళ్ళు గాల్లోకి లేవాలి. ఆయన దిగుతున్నంతసేపూ అందరూ పైన చక్కర్లు కొడుతూ ఉండాలి. ఆయన దించిన విమానాల్లో మళ్ళీ ఎగిరినవి తక్కువే గానీ, దించే ప్రయత్నం మాత్రం కన్నులపండువగా ఉండేది. ఇన్నేళ్ళూ షాపులో "ఇది కనబడుతోందాండీ, పోనీ ఇది కనబడుతోందాండీ" అని జనాన్ని బతిమాలుకున్న మనిషి కోసం ఇప్పుడు జనం గాల్లో ఆగుతున్నారు. ఆ సుఖం ఒకసారి అలవాటయ్యాక, అది పోతుందేమోనన్న ఊహకే ఆయనకు అన్నం సయించేది కాదు.

ప్రకటన చేసిన వారంలోనే సర్వర్ వణికింది. అధ్యక్షులవారి విమానం తిన్నగా పోతూ పోతూ పక్కకు గెంతింది. ఆయన గుండె అంతకంటే దూరం గెంతింది. వెంటనే స్థిరత్వ కమిటీ వేశారు. అందులో సభ్యులు నలుగురు. ఒకరు సర్వర్ ఇంజనీరు. ఆయన అసలు వృత్తి లిఫ్టులు బాగుచేయడం. పడిపోకుండా చూడటంలో అనుభవం ఉందని ఏరికోరి తెచ్చుకున్నాం. ఇంకొకరు నేను. నా అర్హత అధ్యక్షులవారి వదినను కావడం. మిగతా ఇద్దరూ మా ఇద్దరినీ బలపరచడానికి.

కమిటీ కూర్చుని బరువు ఎక్కడుందో ఆలోచించింది. నేలమీద లారీలూ ట్యాంకులూ ఊరికే నిలబడి ఉన్నాయని ఇంజనీరు తేల్చాడు. తీసేశాం. బాంబులు వేసే వర్గంవాళ్ళు వచ్చి, మేము ఇప్పుడు దేనిమీద వెయ్యాలని అడిగారు. నేల ఎక్కడికీ పోలేదు కదా, దానిమీద వెయ్యండని అధ్యక్షులవారు ఎంతో ఓర్పుగా చెప్పారు.

మళ్ళీ వణికింది. మేఘాలు తీసేశాం. ఆకాశం తుడిచిన పలకలా అయింది. ఈ నిర్మలత్వం ఎవరివల్ల వచ్చిందో తెలిసేలా షాపు ముందు అధ్యక్షులవారి ఫోటోతో ఫ్లెక్సీ కట్టాం. మేఘాల్లో దాక్కుని బతికే నాలాంటివాళ్ళకు కొంచెం ఇబ్బందయింది గానీ, తీర్మానానికి మొదట చెయ్యెత్తింది నేనే. నా చెయ్యి అప్పటికే అలవాటుపడి, విషయం చదవకముందే లేచిపోయేది.

మళ్ళీ వణికింది. ఈసారి క్షిపణులు తీసేశాం. ఒక్కో క్షిపణికీ ఎంత లెక్క కట్టాలో ఇంజనీరు చెబుతుంటే మాకే ఆయాసం వచ్చింది. మరి యుద్ధం ఎలాగంటే, ఇక గురిపెట్టినవాడు మైకులో "మిమ్మల్ని కొట్టాను" అని మర్యాదగా చెప్పాలి, అవతలివాడు అంతే మర్యాదగా కూలిపోవాలి. ఈ పద్ధతిలో యుద్ధం మహా సభ్యంగా జరిగింది. కూలిపోయినవాడు ఒక్కడూ లేడు. నన్ను కొట్టామని ఒక్క సాయంత్రంలోనే చాలామంది చెప్పారు. చెవులు సరిగ్గా పనిచేయని వయసు కదా, నేను ఎగురుతూనే ఉన్నాను.

అయినా వణికింది. అప్పుడు లిఫ్టుల ఇంజనీరు మా సంఘం ఉన్నంతకాలం నిలిచిపోయే మాట అన్నాడు.

"అయ్యా, నేను బాగా గమనించాను. ఇది వణికిన ప్రతిసారీ లోపల మనుషులున్నారు."

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"లేకపోతే?"

"లేనప్పుడు రాయిలా ఉందండీ. లిఫ్టు కూడా అంతే. ఎవరూ ఎక్కకపోతే దానికేమీ కాదు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులెవరూ సర్వర్లోకి ప్రవేశించరాదు. సర్వర్ బల్ల ముందు తాడు కట్టాం. సాయంత్రాలు సభ్యులు షాపుకు వచ్చి బెంచీమీద వరుసగా కూర్చుని, తాడు ఇవతలనుంచి తెరమీది ఆకాశాన్ని దర్శించుకోవచ్చు. నీలంగా, నున్నగా, ఒక్క పిట్టయినా లేకుండా ఎంత బాగుండేదో. కొత్త అద్దాలు వేయించుకున్న గిరాకీలను కూడా అధ్యక్షులవారు దాని ముందు నిలబెట్టేవారు. ఏమీ కనబడటం లేదని వాళ్ళంటే, అద్దాలు సరిగ్గా కుదిరాయని చెప్పి పంపించేవారు.

సర్వర్ వణకడం మానేసింది. దాని పేరు నలుమూలలా పాకింది. అధ్యక్షులవారి పదవికి ఇక ఢోకా లేదు. అయినా ఆయన మొహంలో కళ లేదని మా తోడికోడలు కనిపెట్టింది. భోజనాల దగ్గర ఆయన ఎడమచెయ్యి దానంతటదే ముందుకీ వెనక్కీ కదులుతుండేది, లేని విమానానికి వేగం పెంచుతూ తగ్గిస్తూ.

"పోనీ, ఒక్క రౌండు ఎగిరి రారాదూ? మీ సర్వరే కదా" అంది ఆవిడ.

"పదవిలో ఉన్నవాణ్ణి, ఎలా కుదురుతుంది" అన్నారు ఆయన.

అప్పుడే ఆయన ఇస్త్రీ షాపు సర్వర్ ఎంత అధ్వానంగా ఉందో స్వయంగా పరిశీలించాలని నిశ్చయించుకున్నారు. సంఘం క్షేమం కోసం అది తప్పదు. తన గదిలో తలుపు వేసుకుని, 'కొత్తవాడు' అన్న మారుపేరుతో రోజూ పరిశీలించేవారు. సెలవుల్లో రెండుపూటలా. పరిశీలించి వచ్చి మర్నాడు సభలో, అక్కడ మేఘాలున్నాయనీ, ట్యాంకులున్నాయనీ, మనుషులు ఇష్టం వచ్చినట్టు ఒకరినొకరు కాల్చుకుంటున్నారనీ కళ్ళకు కట్టినట్టు వర్ణించేవారు. మేము ఛీఛీ అనేవాళ్ళం. ఆ రోజుల్లో బెంచీమీద దర్శనానికి జనం ఎందుకో పలచబడ్డారు. ఇంజనీరుకు సరిగ్గా సాయంత్రమయ్యేసరికి ఎక్కడో ఒక లిఫ్టు ఇరుక్కునేది. నాకు మోకాళ్ళ నొప్పి పట్టుకునేది.

ఇంతలో సమాఖ్య నుంచి కబురు వచ్చింది. అన్ని విమాన సంఘాలకూ పైన సమాఖ్య ఒకటుంది. మా సర్వర్ను అత్యంత స్థిరమైన సర్వర్గా ఎంపిక చేశారట. సమాఖ్య పెద్దాయన స్వయంగా వచ్చి చూసుకుని, మర్నాడు టౌన్‌హాల్లో సన్మానం చేస్తారట.

పెద్దాయన వచ్చారు. బక్కపలచని మనిషి, నెమ్మదైన మాట. వెనక గదిలోకి తీసుకెళ్ళి ఆకాశం చూపించాం. చాలాసేపు చూశారు. అంతా బాగుందన్నారు. తర్వాత తాడు దాటి వెళ్ళి కుర్చీలో కూర్చుని, ఒక్కసారి ఎగిరి చూస్తానంటూ విమానం నడిపే కర్రమీద చెయ్యి వేశారు.

అధ్యక్షులవారి మొహం పాలిపోయింది. వద్దంటే సన్మానం పోతుంది. సరేనంటే సర్వర్ వణకొచ్చు, వణికితే పడొచ్చు, పడితే పదవే పోతుంది. ఇంజనీరు గోడకేసి చూస్తూ అక్షరాల బోర్డు చదువుతున్నాడు. నేను పక్కవాళ్ళ వెనక్కి జరిగాను.

"అయ్యా," అన్నారు అధ్యక్షులవారు, "మీరు లోపలికి వెళితే ఇది కూడా అందరి సర్వర్లలాంటిదే అయిపోతుంది."

పెద్దాయన ఆయనకేసి చూశారు. కర్ర వదిలేశారు. చుట్టూ చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు.

"మా సర్వర్‌కూ తలుపు వేసే ఉంచామండీ. చాలా ప్రశాంతంగా ఉంది. అది సరేగానీ, సాయంత్రాలు మీరు ఎక్కడ ఎగురుతున్నారు?"

అందరం నేలకేసి చూస్తున్నాం. గచ్చు శుభ్రంగా ఉంది.

"ఇస్త్రీ షాపులో" అన్నారు అధ్యక్షులవారు చివరికి.

"మీ పేరు?"

"కొత్తవాడు."

"నేను నిదానం."

అధ్యక్షులవారు నిటారుగా అయ్యారు. "నిన్న నేను దిగుతుంటే వెనకనుంచి కొట్టింది మీరేనా?"

"మీరు చక్రాలు దించలేదండీ. ఎలాగూ పోయేవారు."

పెద్దాయన లేచి, సర్వర్ అత్యంత స్థిరంగా ఉందని అందరి ఎదుటా ప్రకటించారు. మేము చప్పట్లు కొట్టాం. ఫోటోలయ్యాక ఎవరికి వాళ్ళకు ఇంటిదగ్గర పని గుర్తొచ్చింది. పెద్దాయనకు బసకు వెళ్ళాలని తొందర. అధ్యక్షులవారు షట్టరు దించి, తాళం రెండుసార్లు లాగి చూసి, పరుగులాంటి నడకతో ఇంటికి వెళ్ళారు.

ఆ సాయంత్రం ఇస్త్రీ షాపు ఆకాశం కిటకిటలాడింది. దట్టమైన మబ్బు, కింద బారులుతీరిన లారీలు, మంటలు, పొగ. కొత్తవాడు ఆ మబ్బులోంచి దూసుకొచ్చి నిదానం తోకను పట్టుకున్నాడు. ఎన్ని మెలికలు తిరిగినా వదల్లేదు. గురి కుదిరింది. చిటికెనవేలంత దూరంలో ఉన్నాడు.

తెర నల్లబడింది.

సర్వర్ పడినా మైకులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి, వాటి దారి వేరు. ఒక్కడూ విసుక్కోలేదు. ఎవరో కుర్చీలో సర్దుకున్నారు, ఎవరో నీళ్ళు తాగారు. ఇంజనీరు దగ్గు నేను గుర్తుపట్టాను. నా దగ్గు ఆయనా గుర్తుపట్టే ఉంటాడు. అప్పుడు బావమరిది గొంతు వినిపించింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కితే ఆ షాపులో కరెంటు చాలదు.

"ఒక్క ప్యాంటే ఉంది. అవగానే లేపుతాను. ఏమీ అనుకోకు బావా."

కొత్తవాడు ఎవరో బావమరిదికి తెలియదని అధ్యక్షులవారు అంతవరకూ నమ్మారు. మైకు నొక్కారు.

"ఎవరి ప్యాంటు?"

"నీదే. రేపు సన్మానానికి కావాలని అక్క పంపింది."

నల్లటి తెర ముందు అధ్యక్షులవారు కర్ర వదలకుండానే కూర్చున్నారు.

"మడత తిన్నగా రానీ" అన్నారు.

ఇట్లు,
అధ్యక్షులవారి వదిన, ఆకాశంలో 'గాలివాటం'.
వయసు అరవై ఆరు.
ప్రస్తుతం ఇస్త్రీ షాపు పై గదిలో అద్దెకు ఉంటున్నాను.