ఆపినా ఆగని ఏసీ

బుధవారం పొద్దున గుణశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాయుడుపేట నుంచి కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన తిరుమలయ్య పదిగంటలకు దిగివస్తాడు, కారు చూస్తాడు, కొనుక్కుని పోతాడు. శుక్రవారానికి కారు షెడ్డు ఖాళీ అవుతుంది. ఆ షెడ్డులో భార్య జయంతి టిఫిన్ సెంటరు మొదలుపెడుతుంది. పదిహేనేళ్ళుగా చుట్టాల ఇళ్ళలో ఏ శుభకార్యమైనా ఊరికే పిండి రుబ్బి పెట్టిన మనిషి, ఇన్నాళ్ళకు తనకంటూ ఒక పొయ్యి పెట్టుకుంటోంది. బోర్డు రాయించింది, శుక్రవారానికే ముహూర్తం పెట్టించింది. అది తప్పితే ఆమె మొహం ఎలా చూడాలో తెలియక గుణశేఖర్‌కు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

అడ్డమల్లా ఏసీయే. రెండు నెలలుగా ఫ్యాను మోతే తప్ప చల్లదనం లేదు. ఇంతకుముందు వచ్చిన ముగ్గురూ వీధి చివరిదాకా పోయి, చెమటలు తుడుచుకుంటూ దిగి, మళ్ళీ చెప్తామని వెళ్ళినవాళ్ళే. మెకానిక్ వంశీ బానెట్ మీద రెండుసార్లు తట్టి, పైపు లీకయి గ్యాసంతా పోయిందని, సామాను మద్రాసు నుంచి రావాలని తేల్చేశాడు. బానెట్ ఎత్తి చూడవా అంటే, "నాకు సౌండు సాలన్నా" అన్నాడు.

"ఉన్నమాట చెప్పి అమ్మేయ్. ఏం పోతాది?" అంది జయంతి.

"ఉన్నమాట చెప్తే ఎవరు కొంటారు మే? నువ్వు గమ్మునుండు."

గమ్మున ఉండాల్సింది తనేనని అతనికి తోచలేదు. చెరుకురసం బండి దగ్గరికి పోయి గోతం నిండా ఐసు కొట్టించుకొచ్చాడు. జయంతి పిండి కలపడానికి కొన్న కొత్త బేసిన్లు రెండింటిలో దాన్ని నింపి, ముందు సీట్ల కిందికి తోసి, పైన గోతం కప్పాడు. అది చూసి జయంతి నెత్తి కొట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పదింటికి తిరుమలయ్య, ఆయన భార్య మునిరత్నమ్మ ఆటో దిగారు. ఇద్దరూ అప్పుడే తలనీలాలు ఇచ్చి వస్తున్నారు. రెండు నున్నటి గుండ్లు, వాటి మీద ఇంకా ఆరని గంధం. గుణశేఖర్ వాళ్ళను ఎక్కించుకుని, ఏసీ బటన్ నొక్కి, ఫ్యాను పెద్దది చేసి తిరుచానూరు రోడ్డు పట్టాడు.

తడి గంధానికి గాలి, కాళ్ళకు ఐసు. మొదటి మలుపు తిరక్కముందే తిరుమలయ్య మెడ భుజాల్లోకి దిగిపోయింది.

"అబ్బా! ఏం సల్లగా ఉండాదప్పా!"

"మరేమనుకున్యావన్నా! కంపెనీ ఏసీ" అన్నాడు గుణశేఖర్, ఛాతీ పొంగించి.

"గుండు జిల్లుమంటాంది నాయనా, కొంచెం ఆపు" అంది వెనక సీట్లోంచి మునిరత్నమ్మ, కొంగు కప్పుకుంటూ.

పని చెయ్యనిదాన్ని ఆపడానికేం భాగ్యం! గుణశేఖర్ బటన్ ఆపాడు. ఉక్కపోస్తే బండారం బయటపడుతుందని ఫ్యాను మాత్రం తిరగనిచ్చాడు. చలి అలాగే ఉంది.

"ఆపినావా?"

"ఆపేసినానన్నా."

"మళ్ళా ఆపు."

మళ్ళీ నొక్కితే లైటు వెలిగింది. ఇంకోసారి నొక్కితే ఆరింది. తిరుమలయ్య పళ్ళు మాత్రం టకటకలాడుతూనే ఉన్నాయి. అంతలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బేసిన్లలోని చన్నీళ్ళు ఎగిరి మునిరత్నమ్మ పాదాల మీద పడ్డాయి.

"అమ్మలో! కాళ్ళకింద నీళ్ళు!"

"ఏసీ నీళ్ళక్కా. కారతా ఉంటాయి" అనేశాడు గుణశేఖర్, కంగారులో.

తిరుమలయ్య ఆరిపోయిన లైటును చూశాడు, తడిసిన భార్య కాళ్ళను చూశాడు. "ఆపితే ఆగదు, పైగా కారతాది. దీనికేదో పెద్ద రోగమే ఉండాది. నాకసలే ఉబ్బసం. ఈ కార్లో నాయుడుపేటకు పోతే నన్ను మోసి దించుకునేదే. తిప్పప్పా ఇంటికి!"

ఇంటి ముందు దిగి భార్యాభర్తలిద్దరూ ఎండలో నిలబడి గుండ్లు కాచుకుంటుంటే గుణశేఖర్‌కు శుక్రవారం కళ్ళముందు కూలిపోయింది. చేతులు జోడించాడు.

"అన్నా, నీకు దణ్ణం పెడతా. ఈ ఏసీ అసలు పనే చెయ్యదు!"

అది ఆ పొద్దున అతని నోట వచ్చిన మొదటి నిజం. "బేరం పోతాందని ఇంత అబద్ధమా?" అన్నాడు తిరుమలయ్య. గుణశేఖర్ సీట్ల కింద చేయిపెట్టి బేసిన్లు బయటికి లాగాడు. ఐసంతా అప్పటికే కరిగి నీళ్ళయింది.

"సూసినావా!" అంది మునిరత్నమ్మ. "కారే నీళ్ళు పట్టేదానికి బేసిన్లు గూడా పెట్టుకున్యాడు!"

అప్పుడు జయంతి రెండు గ్లాసుల వేడి కాఫీతో బయటికొచ్చింది. మొగుడివైపు ఒక్క చూపు చూసి, తిరుమలయ్య వైపు తిరిగింది.

"అన్నా, తక్కిన కారంతా నచ్చిందా?"

"బంగారమట్లా ఉండాది. ఆ ఏసీయేనమ్మా."

"దాన్ని పూర్తిగా పీకించి ఇస్తాం. ఇంక సల్లగాలి అనేదే రాదు. తీసుకుంటారా?"

"అట్లయితే ఇప్పుడే!"

వాళ్ళు లోపల కాఫీ తాగుతుండగా, గుణశేఖర్ పిలిస్తే వంశీ వచ్చి, మొట్టమొదటిసారి బానెట్ ఎత్తాడు. "ఎంత పని! కంప్రెసర్‌కు పొయ్యే వైరు పీకేస్తే సాలు" అని చెయ్యి లోపల పెట్టి, పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు. "అన్నా... ఇది ముందే ఊడిపోయుండాది."

వైరు తగిలించి ఇంజను ఆన్ చేశాడు. నిమిషంలో అసలు సిసలైన చల్లగాలి మొహాన కొట్టింది. "రిపేరు అయిపాయన్నా!" అన్నాడు వంశీ, గర్వంగా. లోపల కాఫీ గ్లాసులు కింద పెట్టిన చప్పుడైంది.

"పీకు!" అన్నారు గుణశేఖర్, జయంతి ఒక్క గొంతుతో.

తిరుమలయ్య వచ్చి గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టాడు. వేడిగాలి తగలగానే తృప్తిగా తల ఊపి తాళాలు అందుకున్నాడు. మధ్యాహ్నానికి షెడ్డు ఖాళీ అయింది. జయంతి పొయ్యి ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీత గీసుకుని, ఆ గీత మధ్యలో కూర్చుని కాసేపు సంతోషంతో ఏడ్చింది.

కారు మాత్రం, పొద్దున లేచినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే, పూర్తిగా రిపేరై నాయుడుపేటకు వెళ్ళిపోయింది.